నల్లబడే సూది: టక్సన్ ల్యాబ్ నుంచి ఇన్‌స్టాగ్రామ్ దాకా

ఒక చిన్న గాజు సీసా ఊహించుకోండి. బొటనవేలంత ఉంటుంది. అడుగున తెల్లటి పొడి, చిటికెడు కూడా ఉండదు. లేబుల్ మీద "పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడరాదు" అని రాసి ఉంటుంది. కొనేవాళ్లలో నిజంగా పరిశోధన చేసేవాళ్లు ఎంతమంది అనేది మీకే వదిలేస్తున్నా. బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ పొడిని ఇంట్లోనే కరిగించి, ఇన్సులిన్ సిరంజితో పొట్ట మీద చర్మం కింద పొడుచుకుంటున్నారు. దేనికి? నల్లబడటానికి.

అవును, సరిగ్గానే విన్నారు. మన దగ్గర పెళ్లి సంబంధం మాట రాగానే "పిల్ల రంగేంటి" అని అడుగుతారు, పసుపు, శనగపిండి, ఫెయిర్‌నెస్ క్రీమ్, ఇప్పుడైతే తెల్లబడే ఇంజెక్షన్లు కూడా వచ్చేశాయి. అక్కడేమో తెల్లగా పుట్టినవాళ్లు మన రంగు కోసం సూది గుచ్చుకుంటున్నారు. నవ్వొస్తుంది కదా. కానీ ఈ సీసా వెనక ఉన్న కథ నవ్వులాటది కాదు. చర్మ క్యాన్సర్‌ని ఆపుదాం అని మొదలైన పరిశోధన ఇది. అదే పరిశోధన నుంచి ఒక దారి ఎండ తగిలితే విలవిల్లాడే రోగులకు మందై చేరింది, ఇంకో దారి ఈ లేబుల్ లేని, డాక్టర్ లేని సీసాల్లోకి పోయింది. ఈ రెండు దారులు ఎక్కడ విడిపోయాయి, ఎందుకు విడిపోయాయి అనేదే ఈ ఎపిసోడ్.

ముందు ఒక చిన్న ప్రశ్న. తెల్లవాళ్లకి నల్లబడాలని ఎప్పుడు అనిపించింది? వందేళ్లకి పైగా వెనక్కి వెళ్తే యూరప్‌లో కూడా మనలాగే ఉండేది. ఎండలో కమిలిన ఒళ్లంటే పొలంలో పనిచేసే ఒళ్లు. దొరసానులు గొడుగులు పట్టుకుని తిరిగేవాళ్లు. ఫ్యాక్టరీలు వచ్చాక కూలీలు నాలుగు గోడల మధ్యకి పోయి పాలిపోయారు. అప్పుడు ఎండ మొహం చూడగలగడం డబ్బున్నవాళ్ల లక్షణం అయింది. దానికి తోడు డాక్టర్లు కూడా ఎండ మంచిదన్నారు. చర్మానికి వచ్చే క్షయని కాంతితో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్ అనే డెన్మార్క్ డాక్టర్‌కి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1920లలో కోకో షనెల్ అనే ఫ్యాషన్ డిజైనర్ ఫ్రాన్స్ సముద్రతీరంలో ఎండకి నల్లబడి రావడంతో అదే ఫ్యాషన్ అయిందని చెప్తారు. ఒక్క మనిషి వల్ల మొత్తం మారిపోయిందంటే నేను అంత తేలిగ్గా నమ్మను గానీ, మార్పు మాత్రం ఆ కాలంలోనే వచ్చింది. తర్వాత సెలవలకి బీచ్‌లు, ఆ తర్వాత ఇంట్లో పడుకునే ట్యానింగ్ బెడ్లు. వాటి ఫలితం ఏంటంటే, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ట్యానింగ్ బెడ్లని పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న మొదటి గ్రూపులో పెట్టింది. అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి జాబితా.

ఎండ కావాలి, రంగు కావాలి, క్యాన్సర్ వద్దు. ఈ మూడూ ఒకచోట కుదిరేది కాదు. ఇక్కడే సైన్స్ రంగంలోకి దిగింది.

కథ కప్పలతో మొదలవుతుంది. 1916లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారు తోకకప్పల మీద ప్రయోగాలు చేశారు. మెదడు కింద పిట్యూటరీ అని బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది కదా, దాన్ని తీసేస్తే తోకకప్పలు నలుపు పోయి వెండి రంగులోకి వచ్చేశాయి. అంటే నలుపు రంగుకి సంబంధించిన ఆర్డర్ ఏదో ఆ గ్రంథి నుంచే వస్తోంది. ఆ ఆర్డర్ ఏంటో విడదీసి చూడటానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1950ల మధ్యలో యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే చర్మ వైద్యుడు, ఆయన తోటివాళ్లు పందుల పిట్యూటరీ గ్రంథుల నుంచి ఒక హార్మోన్‌ని శుద్ధి చేశారు. దాని పేరు ఆల్ఫా ఎమ్‌ఎస్‌హెచ్. చర్మంలో రంగు కణాల్ని తట్టిలేపే హార్మోన్ అని అర్థం. పదమూడు అమైనో ఆమ్లాలు దండలా గుచ్చిన చిన్న గొలుసు. ఇలాంటి చిన్న గొలుసుల్నే పెప్టైడ్లు అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ లెర్నర్ గారికి అసలు పట్టింది బొల్లి వ్యాధి. రంగు ఎందుకు పోతుందో తెలుసుకోవాలని ఆయన తపన. ఆ వెతుకులాటలోనే 1958లో మెలటోనిన్‌ని కూడా కనిపెట్టాడు, ఈరోజు నిద్ర మాత్రలా అమ్ముతున్నారే, అదే. 1961లో ఆయన, ఇంకొకరు కలిసి ఈ ఎమ్‌ఎస్‌హెచ్‌ని మనుషులకి ఎక్కించి చూశారు. చర్మం ముదురు రంగులోకి వచ్చింది. మానేస్తే మళ్లీ తగ్గింది. అంటే కప్పల్లో పనిచేసింది మనుషుల్లోనూ పనిచేస్తుంది. కానీ ఒంట్లోకి వెళ్లిన కాసేపటికే ఎంజైములు దాన్ని కత్తిరించి పారేస్తాయి. మందుగా పనికిరాదు.

ఇక అరిజోనా రాష్ట్రంలో టక్సన్ అనే ఊరికి వెళ్దాం. ఎడారి ఊరు. మన రాయలసీమ ఎండాకాలాన్ని తలుచుకోండి, అక్కడి వేసవీ అలాంటిదే. అక్కడ ఉండేవాళ్లలో చాలామంది తెల్లవాళ్లు. ఆ చర్మానికి ఆ ఎండ పడదు కాబట్టి చర్మ క్యాన్సర్ అక్కడ ఇంటింటి సమస్య. ఆ ఊరి యూనివర్సిటీలో విక్టర్ హ్రూబీ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, మాక్ హాడ్లీ అనే బయాలజీ ప్రొఫెసర్ ఒక ఆలోచన చేశారు. ఎండలోకి వెళ్లకముందే చర్మానికి రంగు తెప్పిస్తే? నలుపు అంటే మెలనిన్, అది సహజమైన గొడుగు. ఎండ వల్ల వచ్చే నలుపు ఎలా వస్తుందంటే, ముందు చర్మ కణాల్లో డీఎన్ఏ దెబ్బతింటుంది, ఆ దెబ్బకి జవాబుగా శరీరం రంగు తయారుచేస్తుంది. అంటే దొంగతనం జరిగాక తలుపుకి తాళం వేయడం. వీళ్లు తాళం ముందే వేద్దామన్నారు.

వాళ్ల ల్యాబులో కప్ప చర్మం ముక్కలే తూకపురాళ్లు. ముక్కని మందులో ముంచి, అది ఎంత నల్లబడిందో, ఎంతసేపు నల్లగా ఉందో కొలిచేవాళ్లు. ఎమ్‌ఎస్‌హెచ్‌ని క్షారంలో వేసి వేడిచేస్తే పాడవ్వాలి కదా. పాడవలేదు సరికదా, ఆ కప్ప చర్మం గంటల తరబడి నల్లగానే ఉండిపోయింది. ఎందుకా అని చూస్తే, గొలుసులో ఏడో పూస తిరగబడింది. అమైనో ఆమ్లాలకి కుడి ఎడమ రూపాలుంటాయి, మన చెప్పుల్లాగా. కుడికాలి చెప్పు ఎడమకాలికి ఎక్కదు. ఎంజైములు ఒక రూపాన్నే పట్టుకుని కత్తిరించగలవు. ఏడో పూస తిరగబడేసరికి వాటి కత్తెర సరిగ్గా పడలేదు. సరే, అయితే కావాలనే ఏడో పూసని తిప్పేద్దాం, నాలుగోదాన్ని కూడా మార్చేద్దాం అని కొత్త గొలుసు కట్టారు. 1980లో ఆ పేపరు అచ్చయింది. తర్వాత దానికి మెలనోటాన్ వన్ అని పేరొచ్చింది. అసలు హార్మోన్ కంటే ఎన్నో రెట్లు బలం, ఎక్కువసేపు నిలుస్తుంది.

అక్కడితో ఆగలేదు. గొలుసుని ఇంకా కుదిస్తూ పోయి, ఏడే పూసలతో ఉంగరంలా చుట్టి ఇంకోటి తయారుచేశారు. అదే మెలనోటాన్ టూ. చిన్నది, బలమైనది, తయారీ సులువు. ఇంటర్నెట్ సీసాల్లో ఉండేది ఎక్కువగా ఇదే.

ఇప్పుడు ఈ కథలో అందరూ చెప్పుకునే ఘట్టం. హాడ్లీ తన మందుని తనమీదే పరీక్షించుకున్నాడు. మెలనోటాన్ టూ ఇంజెక్షన్ వేసుకున్నాడు, అదీ అనుకున్నదానికి రెట్టింపు మోతాదు పడింది. వాంతులు మొదలయ్యాయి. దాంతోపాటు అంగస్తంభన వచ్చి ఎనిమిది గంటల దాకా తగ్గలేదు. ఈ సంగతి ఆయనే తర్వాత ఒక సైన్స్ జర్నల్లో రాశాడు. ఇంటర్నెట్‌లో దీన్ని జోకులా చెప్తుంటారు. జోకు పక్కన పెట్టి చూడండి, ఆ రోజు తెలిసిన విషయం చాలా పెద్దది. చర్మానికని తయారుచేసిన మందు చర్మం దగ్గర ఆగట్లేదు.

ఎందుకు ఆగట్లేదు? ఎమ్‌ఎస్‌హెచ్ అనేది తాళంచెవి అనుకుంటే, ఒంట్లో ఆ కుటుంబానికి చెందిన తాళాలు ఐదు రకాలు, వాటిలో నాలుగింటికి ఈ చెవి పడుతుంది. మొదటిది చర్మంలో రంగు కణాల మీద ఉంటుంది. మూడోది, నాలుగోది మెదడులో ఉంటాయి, ఆకలి, లైంగిక కోరిక లాంటివి వాటి పరిధిలోవి. మెలనోటాన్ టూ ఆ నాలుగింటికీ పట్టే మారుతాళం లాంటిది. నీకు కావాల్సింది వంటగది తలుపు ఒక్కటే, కానీ ఆ చెవి తిప్పితే బీరువా, పెరటి గేటు అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. రంగు వస్తుంది, ఆకలి పోతుంది, కడుపులో తిప్పుతుంది, రక్తపోటు కదులుతుంది.

1991లో మెలనోటాన్ వన్‌ని ఆరోగ్యంగా ఉన్న తెల్లజాతి మగవాళ్లకి ఇచ్చి చూసిన ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో వచ్చాయి. ఎండ లేకుండానే చర్మం రంగు తేలింది. 1996లో మెలనోటాన్ టూ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పరీక్షలో ఎంతమంది ఉన్నారో తెలుసా? ముగ్గురు. ముగ్గురు వలంటీర్లు, ప్లాసిబోతో పోలుస్తూ, మోతాదు కొంచెం కొంచెం పెంచుతూ, డాక్టర్ల కళ్లముందు. వికారం, మగత, ఆవులింతలు, ఒళ్లు విరుచుకోవడం, అంగస్తంభన అన్నీ రాసుకున్నారు. తర్వాత అంగస్తంభన సమస్య ఉన్న పదిమంది మీద ఇంకో పరీక్ష. నల్లబడటానికి ఆరోగ్యవంతులు వాడొచ్చా అనే ప్రశ్న మీద మెలనోటాన్ టూకి ఉన్న పునాది ఇంత చిన్నది. ఆ తర్వాత ఈ పని కోసం దాన్ని ఎవరూ పెద్ద పరీక్షల దాకా తీసుకెళ్లలేదు. ఏ దేశమూ దానికి అనుమతి ఇవ్వలేదు.

ఇక్కడే దారులు చీలాయి.

ఒక దారి అమెరికాలో పాలటిన్ టెక్నాలజీస్ అనే కంపెనీది. మెలనోటాన్ టూకి ఒక చివర చిన్న మార్పు చేస్తే బ్రెమెలనోటైడ్ అవుతుంది. దీన్ని లైంగిక సమస్యలకి ముక్కు స్ప్రేగా అభివృద్ధి చేశారు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ రక్తపోటు పెరుగుతోందని గట్టిగా అభ్యంతరం చెప్పింది. స్ప్రే ఆపేశారు. ఇంజెక్షన్‌గా మార్చి, మళ్లీ ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, చివరికి 2019లో వైలీసి అనే పేరుతో, మెనోపాజ్ రాని ఆడవాళ్లలో ఒక నిర్దిష్టమైన సమస్యకి అనుమతి తెచ్చుకున్నారు. ఆ మందు పెట్టెలోని కాగితం చదివితే మన కథకి కావాల్సినవన్నీ ఉంటాయి. పరీక్షల్లో వాడినవాళ్లలో 40 శాతం మందికి వికారం. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు వాడకూడదు. నెలకి ఎనిమిది సార్లకి మించకూడదు, ఎందుకంటే మించితే మొహం మీద, చిగుళ్ల మీద, రొమ్ముల మీద నల్లమచ్చలు పడే అవకాశం బాగా పెరుగుతుంది, అవి కొందరిలో పోకపోవచ్చు కూడా. దాదాపు ఇదే గొలుసుని ఇంటి దగ్గర కొందరు రోజూ పొడుచుకుంటున్నారు. వాళ్ల సీసాతో పాటు ఈ కాగితం రాదు.

రెండో దారి ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌ది. దాని దగ్గరికి చివర్లో వస్తా.

మూడో దారికి కంపెనీ లేదు, ఆఫీసు లేదు. పేపర్లు అచ్చయ్యాయి కదా, అందులో ఆ గొలుసు ఎలా కట్టాలో అందరికీ తెలుసు. పెప్టైడ్లు ఆర్డర్ మీద తయారుచేసే ల్యాబులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. 2000 తర్వాత వెబ్‌సైట్లు, బాడీ బిల్డింగ్ జిమ్ములు, ట్యానింగ్ సెలూన్లు దీన్ని పట్టుకున్నాయి. బాడీ బిల్డింగ్ స్టేజి మీద కండరాల గీతలు బాగా కనబడాలంటే ఒళ్లు ముదురు రంగులో ఉండాలి, అదొక కారణం. రంగొస్తుంది, సన్నబడతారు, కోరిక పెరుగుతుంది అని పేపర్లు దీనికి బార్బీ డ్రగ్ అని పేరు పెట్టాయి. హెచ్చరిక కోసం పెట్టిన పేరే ప్రకటనలా పనిచేసింది, పాపం.

2007లో, అంటే ముక్కు స్ప్రే గురించి రక్తపోటు ప్రశ్న వచ్చిన ఏడాదే, ఎఫ్‌డీఏ మెలనోటాన్ టూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక అమెరికా కంపెనీకి హెచ్చరిక లేఖ పంపింది. 2008లో బ్రిటన్, డెన్మార్క్ మందుల నియంత్రణ సంస్థలు ప్రజల్ని హెచ్చరించాయి. తర్వాత ఐర్లండ్. ఒక సైట్ మూస్తే ఇంకోటి తెరిచారు. "పరిశోధన కోసం మాత్రమే" అనే లేబుల్ పుట్టింది అందుకే. అది జాగ్రత్త కోసం రాసింది కాదు. రేపు కేసు పడితే "మేము మందని అమ్మలేదు, మనుషులు వాడమని చెప్పలేదు" అనడానికి అమ్మేవాడు వేసుకున్న ముసుగు.

ఆ తర్వాత ఆస్పత్రుల్లో ఏం జరిగింది? 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో, అమెరికా చర్మ వైద్య జర్నల్లో డాక్టర్లు ఒకే రకం సంగతి రాయడం మొదలుపెట్టారు. ఈ సూదులు వేసుకున్నవాళ్లలో ఉన్న పుట్టుమచ్చలు నల్లగా మారుతున్నాయి, పెద్దవవుతున్నాయి, కొత్తవి గుంపులుగా వస్తున్నాయి. ఇది ఎందుకు భయపెట్టే విషయమో చెప్తా. మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌ని తొందరగా పట్టుకునే ఒకే ఒక్క సులువైన దారి పుట్టుమచ్చలో మార్పుని గమనించడం. రంగు మారిందా, అంచు వంకరైందా, సైజు పెరిగిందా అని చూస్తారు. ఒంటి మీదున్న మచ్చలన్నీ ఒకేసారి మారిపోతే డాక్టర్ దేన్ని కోసి పరీక్షకి పంపాలి? ఊళ్లో అన్ని ఇళ్లలో ఒకేసారి అలారం మోగితే పోలీసు ఏ ఇంటికి పోతాడు?

మెలనోటాన్ వాడినవాళ్లలో మెలనోమా వచ్చిన కేసులు కూడా 2011 నుంచి జర్నల్స్‌లో ఉన్నాయి. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ మందే క్యాన్సర్ తెచ్చిందని ఈ కేసులతో రుజువు కాలేదు. ఎందుకంటే ఈ సూది వేసుకునేవాళ్లే ట్యానింగ్ బెడ్ మీద కూడా పడుకుంటారు, బీచ్‌లో కూడా ఎండలో పడుకుంటారు, తెల్లటి చర్మం, ఒంటినిండా మచ్చలు ఉన్నవాళ్లే ఎక్కువ. ఏది దేనివల్ల అని విడదీయడం కష్టం. కొందరు ఈ మాట పట్టుకుని "చూశారా, రుజువు లేదు" అంటారు. రుజువు ఎలా వస్తుంది బాబూ? ఎవరు ఎంత వేసుకున్నారో ఎవరూ రాసుకోలేదు. ఎంతమంది వేసుకున్నారో లెక్క లేదు. మానేశాక ఐదేళ్లకి, పదేళ్లకి ఏమైందో అడిగినవాళ్లు లేరు. లెక్కే లేనిచోట ప్రమాదం లేదని ఎలా అంటాం?

మిగతా కేసులు వేగంగా చెప్పేస్తా. 2012లో అచ్చైన ఒక కేసులో ఒకతను ఒకేసారి ఎక్కువ మోతాదు వేసుకుంటే గుండె దడ, చెమటలు, వణుకు, ఆపైన కండరాల కణాలు చితికి ఆ వ్యర్థం రక్తంలో కలిసే స్థితికి వెళ్లాడు. అది కిడ్నీల్ని దెబ్బతీసే స్థితి. 2020లో ఇంకో కేసులో కిడ్నీకి రక్తం అందక కొంతభాగం చచ్చిపోయింది, దానికి ఈ మందు కారణం అయ్యుండొచ్చని డాక్టర్లు రాశారు. గంటల తరబడి తగ్గని అంగస్తంభనతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. హాడ్లీ కథ విని నవ్వినవాళ్లకి చెప్తున్నా, అది నాలుగు గంటలు దాటితే లోపల కణజాలం పాడవుతుంది, ఆ తర్వాత జీవితాంతం సమస్య మిగిలిపోవచ్చు. మగపిల్లలు సిగ్గుపడి ఇంట్లోనే కూర్చుంటే జరిగే నష్టం ఇదే. అలాంటప్పుడు పరువు గురించి ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇంతకీ ఆ సీసాలో ఏముంది? డెన్మార్క్ పరిశోధకులు ఆన్‌లైన్‌లో ముగ్గురు అమ్మకందారుల దగ్గర కొని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. లేబుల్ మీద 10 మిల్లీగ్రాములు. లోపల ఉన్నది 4.32 నుంచి 8.84 మిల్లీగ్రాముల దాకా. దాంతోపాటు అక్కర్లేని మలినాలు. అంటే పోయిన నెల సీసాలో నాలుగు ఉండి, ఈ నెల సీసాలో తొమ్మిది ఉంటే, మనిషి అదే గీత దాకా సిరంజి నింపినా రెట్టింపు మందు లోపలికి పోతుంది. పాల ప్యాకెట్‌లో వంద మిల్లీలీటర్లు తక్కువుంటే షాపువాడితో గొడవపడతాం. ఇక్కడ ఎవరితో గొడవపడాలి? ఆ పొడి శుభ్రమైన చోట తయారైందా, సూది ఒకరిది ఇంకొకరు వాడారా అనేవి ఇంకో తలనొప్పి. సూదులు పంచుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవీ ఎలా వస్తాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మెల్‌బోర్న్ దారి. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇది.

ఎపిటాన్ అనే చిన్న ఆస్ట్రేలియా కంపెనీ మెలనోటాన్ వన్ హక్కులు తీసుకుంది. ఆస్ట్రేలియా అంటే ప్రపంచంలో మెలనోమా అత్యధికంగా ఉండే దేశాల్లో ఒకటి. చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని అక్కడ 1981 నుంచే టీవీలో పాటలతో ప్రచారం చేశారు. మొదట్లో ఈ కంపెనీ కూడా ట్యానింగ్ మార్కెట్ వైపే చూసింది. అందులో డబ్బుంది మరి. తర్వాత పేరు క్లినువెల్ అని మార్చుకుంది, లక్ష్యం కూడా మార్చుకుంది. అందం కోసం కాకుండా, వెలుగు పడని రోగుల కోసం.

ఎరిత్రోపొయెటిక్ ప్రోటోపోర్ఫిరియా అని ఒక అరుదైన జబ్బు ఉంది. పేరు నోరు తిరగదు, ఈపీపీ అందాం. రక్తంలో ఎర్రరంగు తయారయ్యే వరసలో ఒక మెట్టు సరిగ్గా పనిచేయక, ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. దానిమీద వెలుగు పడితే చర్మం లోపల మంట. బయటికి ఒక్కోసారి ఏమీ కనిపించదు, లోపల మాత్రం నిప్పులు పోసినట్టు. కొందరికి కొద్ది నిమిషాల ఎండే చాలు. మొదలైతే రోజుల తరబడి నొప్పి, మామూలు నొప్పి మాత్రలకి తగ్గదు. కిటికీలోంచి వచ్చే వెలుగు కూడా పడదు. చిన్నపిల్లలు ఆడుకోవడానికి బయటికి వెళ్లలేరు, పైగా "నాటకాలు ఆడుతున్నారు" అని మాట పడతారు. వీళ్లకి మెలనిన్ అనే గొడుగు కావాలి, కానీ దానికోసం ఎండలోకి వెళ్లలేరు. ఎండ లేకుండా రంగు తెప్పించే మందు అంటే అచ్చంగా వీళ్లకోసమే పుట్టినట్టు ఉంది కదా.

బియ్యపు గింజ కంటే పొడుగుండే ఒక పుల్లలో 16 మిల్లీగ్రాముల మందు పెట్టి, చర్మం కింద డాక్టర్ ఉంచుతాడు. అది నెమ్మదిగా కరుగుతుంది. రెండు నెలలకి ఒకటి. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో యూరప్‌లో 74 మంది, అమెరికాలో 94 మంది రోగుల ఫలితాలు వచ్చాయి. అమెరికా పరీక్షలో ఆరు నెలల కాలంలో నొప్పి లేకుండా ఎండలో గడిపిన సమయం, మధ్యస్థ లెక్కలో, మందు తీసుకున్నవాళ్లకి 69.4 గంటలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకి 40.8 గంటలు. ఆరు నెలల్లో ఇరవై ఎనిమిది గంటలకి పైగా తేడా. మనకి అదేం లెక్క అనిపిస్తుంది, రోడ్డు మీద బస్సు కోసం నిలబడితేనే అంత టైం అయిపోతుంది. కొద్ది నిమిషాలు లెక్కపెట్టుకుని బయటికి వచ్చేవాళ్లకి అది ఎంతో ఆలోచించండి.

2014 డిసెంబర్‌లో యూరప్ అనుమతి ఇచ్చింది. 2016లో ఎఫ్‌డీఏ ఈపీపీ రోగుల్ని పిలిపించుకుని వాళ్ల మాట వింది. 2019 అక్టోబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది. 1980 పేపర్ నుంచి లెక్కేస్తే దాదాపు నలభై ఏళ్లు. ఆ అనుమతి కాగితంలో ఒక వాక్యం ఉంది. ఈ మందు వాడేవాళ్లకి ఏడాదికి రెండుసార్లు ఒళ్లంతా చర్మ పరీక్ష చేయాలి, మచ్చల్ని చూడాలి అని. చూశారా, పుట్టుమచ్చల భయం ఇక్కడ కూడా ఉంది. మందు వేరే రకం, చర్మం మీదే ఎక్కువ పనిచేస్తుంది, అయినా ఆ భయాన్ని దాచలేదు. ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని, ఆరు నెలలకోసారి, వీపు మీద మచ్చల్ని లెక్కపెడతారు. ఇంట్లో సూది వేసుకునే కుర్రాడికి ఆ లెక్కపెట్టే మనిషి లేడు. రెండు దారుల మధ్య తేడా అంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

ఇక ఈరోజుకి వద్దాం. సూదంటే భయపడేవాళ్ల కోసం ఇప్పుడు ముక్కులో కొట్టుకునే ట్యానింగ్ స్ప్రేలు అమ్ముతున్నారు. సోషల్ మీడియాలో ఇరవై ఏళ్ల అమ్మాయిలు, అబ్బాయిలు "ముందు, తర్వాత" ఫొటోలు పెడుతున్నారు, డిస్కౌంట్ కోడ్‌తో సహా. గుర్తుందా, దాదాపు ఇదే మందుని ముక్కు స్ప్రేగా తెస్తామంటే రక్తపోటు దగ్గర 2007లోనే ఆగిపోయింది. డాక్టర్లు ముందు కొలుస్తుంటే ఆగిపోయినది, కొలిచేవాడు లేనిచోట పుదీనా వాసనతో, పండ్ల వాసనతో అమ్ముడుపోతోంది.

"మనకెందుకు అన్నా ఇది, మనం ఆల్రెడీ నల్లగానే ఉన్నాం కదా" అంటారేమో. మెలనోటాన్ మన దగ్గర పెద్దగా అమ్ముడుపోయే సరుకు కాదు, నిజమే. కానీ ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో, అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఎంతమంది ఉన్నారు? అక్కడి జిమ్‌లో పక్కనున్నవాడు ఏది వాడితే అది చేతికందుతుంది. పైగా "పెప్టైడ్" అనే మాట ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. కండకి ఒకటి, గాయానికి ఒకటి, జుట్టుకి ఒకటి, నిద్రకి ఒకటి. అన్నీ అదే తెల్ల పొడి, అదే చిన్న సీసా, అదే "పరిశోధన కోసం మాత్రమే". పెప్టైడ్ అంటే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఇన్సులిన్ కూడా ఆ కుటుంబంలోదే. అడగాల్సింది ఏంటంటే, ఈ గొలుసుని ఎంతమంది మనుషులకి ఇచ్చి చూశారు, ఎన్నాళ్లు చూశారు, అందులో నీలాంటివాళ్లు ఉన్నారా. మన దేశంలో కొత్త మందు అమ్మాలంటే సీడీఎస్‌సీఓ అనే కేంద్ర సంస్థ అనుమతి కావాలి. సీసా మీద తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ లేకపోతే అది మందుల షాపు సరుకు కాదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఎవరైనా ఇది వింటుంటే, తిట్టడానికి కాదు చెప్తోంది. ఆపేసి, ఒక చర్మ డాక్టర్‌కి ఒళ్లంతా చూపించుకోండి, ఏం వాడారో దాచకుండా చెప్పండి. చెప్పకపోతే నల్లబడ్డ మచ్చని చూసి ఆయన ఒకటి అనుకుంటాడు, అసలు కారణం ఇంకోటి ఉంటుంది. సీసా ఉంటే పట్టుకెళ్లండి.

చివరగా, బొల్లి గురించి అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు, ఎందుకంటే మన ఇళ్లలో ఆ బాధ ఎంతో నాకు తెలుసు. మెలనోటాన్ వన్‌కి ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు అఫామెలనోటైడ్. దాన్ని కాంతి చికిత్సతో కలిపి ఇస్తే, కాంతి ఒక్కటే ఇచ్చినదానికంటే రంగు బాగా, త్వరగా తిరిగొచ్చిందని 2015లో ఒక పరీక్ష చూపించింది. మనలాంటి ముదురు చర్మం ఉన్నవాళ్లలో ఆ తేడా ఇంకా బాగా కనిపించింది. అరవై ఏళ్ల కింద లెర్నర్ వెతికింది అదే కదా. కానీ అది డాక్టర్ చేతిలో ఉన్న పుల్లతో, కొలిచిన మోతాదుతో, లెక్కపెట్టిన రోగులతో జరిగిన పని. పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి, బొల్లికి అనుమతి ఇంకా రాలేదు. ఆన్‌లైన్‌లో దొరికే మెలనోటాన్ టూ సీసా దానికి బదులు కాదు. ఆ మాట చెప్పి ఎవరైనా అమ్మజూపితే డబ్బు కట్టకండి.

వచ్చే ఎపిసోడ్‌లో దీని కవల సోదరి గురించి మాట్లాడుకుందాం, తెల్లబడటానికి వేసుకునే గ్లూటాథయోన్ ఇంజెక్షన్ కథ. అప్పటిదాకా ఉంటానండీ.